ఆటగాని జీతం – ఆస్కార్ రాబర్ట్సన్ దావా

బంతిని బుట్టలో వేసినందుకు కోట్ల డాలర్లా అని విస్తుపోయేవారు మనలో తక్కువమంది కాదు. అమెరికాలో మైకేల్ జోర్డన్ అనే బాస్కెట్‌బాల్ ఆటగానికి 1997-98లో ముట్టిన జీతం 3 కోట్ల 30 లక్షల డాలర్ల పైచిలుకు. వార్తలలో ఇటువంటి అంకె చదువవలసి వచ్చినప్పుడు, సున్నాలు ఎన్నో ముందుగా వేలితో లెక్కించుకొన్న అనుభవం నాకున్నది. ఆ సున్నాల వెనుక ఒక దావా ఉన్నది. ఆ దావాకు పేరిచ్చిన ఆటగాడు ఆస్కార్ రాబర్ట్సన్.

రాబర్ట్సన్ 1938లో టెన్నెసీ రాష్ట్రంలో జన్మించి, ఇండియానాపొలిస్ నగరంలో నల్లజాతివారి పేటలో పెరిగారు. ఆయన చదివిన క్రిస్పస్ అటక్స్ పాఠశాల నల్లజాతి పిల్లలకు ప్రత్యేకించినది. 1955లో ఆ పాఠశాల జట్టు రాష్ట్రానికే విజేత అయినది. గెలిచిన జట్టుకు నగరం నడిబొడ్డున ఉత్సవం జరపడం అక్కడి ఆనవాయితీ. ఈ పిల్లలను మాత్రం అక్కడ ఎక్కువసేపు నిలువనీయక, నల్లవారి పేటలోని పార్కుకు మళ్లించారు. ఆ అవమానాన్ని రాబర్ట్సన్ మరువలేదు.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో స్వర్ణపతకం సాధించి, ఆ ఏడే సిన్సినాటి జట్టులో వృత్తి ఆటగాడుగా చేరారు. 1961-62లో ఆటకు సగటున 30.8 పాయింట్లు, 12.5 రీబౌండులు, 11.4 అసిస్టులు ఆయనవి. మూడింటా సగటు పదికి మించడం మరొకరికి సాధ్యపడేసరికి 55 ఏళ్లు పట్టింది.

ఇంతటి ఆటగానికైనా తన ఆటను నచ్చినవారికి అమ్ముకొనే హక్కు లేదు. ఏ జట్టు ఎంపిక చేసుకొంటే ఆ జట్టుతోనే బేరం. ఒప్పందం గడువు తీరినా, దానిని పొడిగించుకొనే అధికారం యజమానిదే. అప్పు లేని పాలేరు ఏడాది తిరిగేసరికి మరొక కామందును చూసుకోవచ్చు. ఇతనికి ఆ వీలైనా లేదు. ఇచ్చినది పుచ్చుకోవాలి, లేదా ఆట మానుకోవాలి. 1965లో విల్ట్ చాంబర్లేన్‌కు లక్ష డాలర్లు నిర్ణయం కాగా, బిల్ రస్సెల్ లక్షా ఒక్క డాలరు అడిగి పుచ్చుకొన్నారు. ఆనాటికి శిఖరం అదే. సామాన్యులైన ఆటగాళ్లు వేసవిలో వేరే ఉద్యోగం చూసుకొనేవారు.

1964 జనవరి 14న బోస్టన్‌లో ఉత్తమ ఆటగాళ్ల పోటీ. టెలివిజన్ ప్రసారానికి అంతా సిద్ధం. పింఛను సంగతి తేల్చనిదే బయటకు రామని ఇరుజట్లవారూ దుస్తుల గదిలో కూర్చున్నారు. బెదిరింపులు వచ్చినవి, ఎవరూ కదలలేదు. చివరకు లీగు అధిపతి మాట ఇచ్చిన తరువాతనే ఆట మొదలైనది. ప్రసారవేళ ముంచుకువస్తుంటే ఎంత పెద్ద అధికారి అయినా మెత్తబడతాడని మా వృత్తిలోని వారికి వేరే చెప్పనక్కరలేదు. ఆనాటి ఉత్తమ ఆటగాడు రాబర్ట్సనే. మరుసటి ఏడు ఆటగాళ్ల సంఘానికి ఆయన అధ్యక్షులైనారు.

1967లో రెండవ లీగు వెలసి, ఆటగాళ్ల కోసం పోటీపడగా జీతాలు పెరిగినవి. యజమానులకు ఇది గిట్టలేదు. రెండు లీగులనూ కలిపివేయ సంకల్పించారు. కొనేవాడు ఒక్కడే అయితే వెల ఎవరు నిర్ణయిస్తారు? 1970లో ఆటగాళ్ల పక్షాన రాబర్ట్సన్ పేరిట న్యూయార్కు ఫెడరల్ కోర్టులో దావా పడినది. ఆ ఏడే ఆయన మిల్వాకీ జట్టుకు మారి, 1971లో విజేత అయినారు.

వ్యాజ్యం ఆరేళ్లు సాగినది. 1976లో రాజీ కుదిరి, ఆ పాత కట్టుబాటు రద్దయినది, లీగులూ కలిసినవి. అప్పటికి రాబర్ట్సన్ ఆట విరమించి రెండేళ్లయినది. తాను తెరిపించిన ద్వారం గుండా తాను నడువలేదు. పూర్తి స్వేచ్ఛకు మరొక పన్నెండేళ్లు పట్టింది. 1988లో టామ్ చాంబర్స్ అనే ఆటగాడు సియాటిల్ జట్టును విడిచి, ఎవరి అనుమతీ అక్కరలేకుండా ఫీనిక్స్ జట్టులో చేరారు.