కన్ను నిండింది, కథ నిండలేదు



విజయనగర, నాయకరాజుల కాలంనుంచీ మదురై, కోయంబత్తూరు ప్రాంతాల్లో స్థిరపడ్డ మనకు తెలుగు ఇంటి భాష, తమిళం బడి భాష. 2024 జూన్ 27న విడుదలైన 'కల్కి 2898 ఏ.డి.' చిత్రాన్ని మనలో కొందరు తెలుగులో చూశారు, కొందరు తమిళంలో చూశారు. ఏ భాషలో చూసినా, మా బడి పిల్లలు అడిగిన ప్రశ్న ఒకటే: "ఇంతకీ కథేమిటి?"

నాగ్ అశ్విన్ దర్శకత్వం వహించిన ఈ చిత్రం కంటికి పండుగే, సందేహం లేదు. గంగ ఎండిన కాశీ, దానిమీద తలకిందులుగా నిలిచిన పిరమిడ్ వంటి 'కాంప్లెక్స్' చూసి తీరవలసినవి. కథానాయకుడి బండి 'బుజ్జి' వట్టి బొమ్మ కాదు, నిజంగా నడిచే ఆరు టన్నుల వాహనం. మహీంద్రాతో కలిసి దాన్ని తయారుచేసింది మన కోయంబత్తూరు జయెం సంస్థే. మోటారు పంపులకు పేరుపడ్డ ఊరివారికి అది గర్వకారణమే కదా!

అయితే, దాదాపు మూడు గంటల చిత్రంలో మొదటి సగం దారి తెలియక తిరిగినట్టుంటుంది. పేరున్న నటులు వస్తారు, పోతారు. కాశీ, కాంప్లెక్స్, శంభల అనే మూడు లోకాల మధ్య ఎవరు ఎవరితో ఎందుకు పోరాడుతున్నారో తెలిసేసరికి, మిగతాది రెండో భాగంలో చూడమంటారు.

భారతం తెలిసినవారికి మాత్రం ఒక పట్టు దొరుకుతుంది. కలియుగం క్రీస్తుపూర్వం 3102లో మొదలైందని సంప్రదాయం. దానికి 2898 కలిపితే సరిగ్గా 6000 ఏళ్ళు. ఇక అశ్వత్థామ. నిద్రపోతున్న ఉపపాండవులను చంపి, ఉత్తర గర్భంమీద అస్త్రం వేసి, కృష్ణుడి శాపానికి గురైనవాడు. అటువంటివాడు ఈ చిత్రంలో మరొక తల్లి గర్భానికి కాపలా కాస్తాడు. చిత్రానికి ప్రాణం అక్కడుంది. తిక్కనగారి సౌప్తికపర్వాన్ని అవ్వ నోట విన్నవారికి ఆ ఘట్టంలో ఒళ్ళు జలదరిస్తుంది. విననివారికి కనిపించేది గుడ్డలు చుట్టుకున్న ఒక పొడుగాటి ముసలాయన, అంతే.

చూసేవాడికి కథ అందించే బాధ్యత దర్శకుడిదే. అందులో ఆయన కొంత తప్పారనే నా అభిప్రాయం. కానీ అశ్వత్థామ ఎవరో పిల్లలకు చెప్పవలసింది సినిమా కాదు, ఇల్లు. తెలుగు చదవడం రాని పిల్లలకు కూడా తెలుగు కథ వినడం వచ్చు. రెండో భాగం వచ్చేలోగా ఒక రాత్రి, అన్నాలయ్యాక, ఆ కథ మన భాషలోనే చెప్పండి. అప్పుడు వాళ్ళు తెరమీద చూసేది వట్టి వెలుగులు మాత్రమే కావు.