బ్యారెల్ మార్చే వేళ
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి సమావేశంలోనూ డి.ఏ. బకాయిల గురించీ, మెడికల్ బిల్లుల గురించీ మాట్లాడే నన్ను ఈసారి కార్యదర్శిగారు "మీ తుపాకి సంగతి చెప్పండి" అన్నారు. అబిడ్స్ జీపీఓలో పనిచేసిన రోజుల నుంచీ నాకు రైఫిల్ షూటింగ్ పిచ్చి అని మీలో చాలామందికి తెలుసు. వేట కాదు సుమండీ! యాభై మీటర్ల దూరాన ఉన్న టార్గెట్ మీద వలయాలకు గురిపెట్టడం. నట్టనడుమ ఉండే పదో వలయం అడ్డంగా 10.4 మిల్లీమీటర్లు. చొక్కా గుండీ అంత.

నా కళ్లకు శుక్లాలు వచ్చాక ఆ పాయింట్ టూ టూ రైఫిల్‌తో మా మనవరాలు సాధన మొదలుపెట్టింది. లైసెన్సు నా పేరున ఉన్నందున సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలోని రేంజికి నేనూ వెంట వెళ్లేవాణ్ణి. కౌంటర్ గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది? రోజూ ఎన్ని తూటాలు కాల్చిందో పుస్తకంలో ఎక్కించేవాణ్ణి. పక్కనే ఇంకో గడి. ట్రిగ్గర్ నొక్కగానే, ఫలితం చూడకముందే, గుండు ఎక్కడ పడి ఉంటుందో అమ్మాయి చెప్పే మాట అందులో రాయాలి.

వందకు 97, 98 వచ్చే పిల్లకు ఉన్నట్టుండి 94, 93 రాసాగాయి. పదింటిలో ఎనిమిది ఒక్కచోటే కుదురుగా పడేవి. ఒకటి రెండు మాత్రం ఎటో పోయేవి. "తాతయ్యా, అది బాగానే వదిలాను" అనేది. నేను నమ్మలేదు. సెల్‌ఫోను మీద ఉన్న ధ్యాస గురి మీద లేదని అందరిముందూ కసిరాను. ఆ బ్యారెల్ నాది కదా, దానికి దోషం అంటగట్టడానికి మనసొప్పలేదు.

బ్యారెల్ ఎన్నాళ్లు మన్నుతుందని చాలామంది అడుగుతారు. అది తుపాకిని బట్టి ఉంటుంది. మన ఊళ్లో పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది ఎయిర్ రైఫిల్‌తో. అందులో మంట లేదు, మెత్తని సీసం గుండే, కనుక బ్యారెల్ అరుగుదల లెక్కలోకి రాదు. మూడు వందల మీటర్ల పోటీల్లో వాడే పెద్ద తూటాల వేడికైతే కొన్ని వేలకే దెబ్బతింటుంది. మా పాయింట్ టూ టూ ఈ రెంటికీ మధ్య. పదివేల లెక్కన మన్నుతుంది. తూటా అంచులో ఉండే మందులో గాజుపొడి కలుపుతారు. ఆ మసీ, ఆ మంటా కలిసి తూటా కూర్చునే గదికి కాస్త ముందు, అడుగు భాగాన ఉక్కును మెల్లగా కొరుకుతాయి. నా పుస్తకం లెక్క అప్పటికి నలభై వేలు దాటింది. అయినా లెక్క చూసి బ్యారెల్ పారేయకూడదు. అంతకు రెట్టింపు కాల్చినా చెక్కుచెదరనివి ఉన్నాయి.

ఒక రాత్రి ఆ పుస్తకం తిరగేస్తుంటే నాకు చెమటలు పట్టాయి. చెడిన గుళ్లలో సగానికి పైగా "బాగానే వదిలాను" అన్నవే! పిల్ల తప్పే అయితే తాను చెడగొట్టానని తెలిసిన గుళ్లే చెడాలి కదా.

మర్నాటి నుంచి ఒక్కొక్కటే తేల్చుకుంటూ వచ్చాం. స్క్రూలు బిగించాం. సైట్లు మార్చి చూశాం. గదిముందు పేరుకున్న మసి వలయాన్ని వెనకవైపు నుంచే కడ్డీ దూర్చి శుభ్రం చేశాం (మూతి వైపు నుంచి దూరిస్తే అంచు పాడవుతుంది). మూడు రకాల లాట్ల తూటాలు తెప్పించాం. చివరకు రైఫిల్‌ను ఇనుప బిగింపులో బిగించి, ఒక్కో లాటుతో పదేసి చొప్పున నాలుగు వరుసలు కాల్చాం. మనిషి చేయి తగలకపోయినా ఏ లాటుతోనూ ఆ ఒకటి రెండూ ఎటో పోవడం మానలేదు.

అబిడ్స్‌లో తుపాకులు బాగుచేసే పెద్దాయన సన్నని కెమెరా గొట్టం లోపలికి దింపి చూపించాడు. ఎండిన చెరువు మట్టిలా పగుళ్లు. వెనకవైపు ఒక అంగుళం కోసి గదిని మళ్లీ తొలవవచ్చుగానీ, పగుళ్లు అంతకన్నా ముందుకు పాకాయన్నాడు. కొత్తది కావాలంటే కాగితాల పని ఉంది. 1959 ఆయుధ చట్టం ప్రకారం తుపాకి భాగం కూడా ఆయుధమే. వచ్చాక దానికి ఏ లాటు తూటా నప్పుతుందో మళ్లీ మొదటినుంచీ చూసుకోవాలి. కనుక పోటీల ముందు ఈ పని పెట్టుకోరాదు. ఆ ఏడాది పోటీలకు క్లబ్బు రైఫిల్‌తోనే వెళ్లమని, నా ఫిక్సెడ్ డిపాజిట్ ఒకటి గడువుకు ముందే తీశాను. మా ఆవిడ వారం రోజులు నాతో మాట్లాడలేదనుకోండి.

దుకాణం నుంచి మొజంజాహీ మార్కెట్ దాకా నడిచాం. 1935 నాటి ఆ రాతి కట్టడాన్ని 2020లో మరమ్మతు చేసి మళ్లీ తెరిచాక నేను అటు వెళ్లడం అదే మొదలు. గడియారం బురుజు దగ్గర ఐస్‌క్రీమ్ కొనిచ్చి, "నిన్ను ఊరికే తిట్టానమ్మా" అన్నాను. ఏమీ అనలేదు. కప్పు ఖాళీ అయ్యేదాకా తల దించుకునే తిన్నది.

ఎనిమిది నెలలకు కొత్త బ్యారెల్ బిగించారు. కొత్త పుస్తకం మొదటి పేజీలో తేదీ, తూటాల సంఖ్య తానే రాసుకుంది. తాను చెప్పే మాట రాయాల్సిన గడిని మాత్రం ఖాళీగా ఉంచి, పెన్ను నాకిచ్చింది.