తాళపుచెవి పోయిన కథ

ఈ సాయంకాలము నేను ముచ్చటింపబోవు వస్తువు మిక్కిలి చిన్నది, పిడికిటిలో ఇమిడిపోవునది. అది కారు తాళపుచెవి. కరవుసీమవారికి కారు చెవులతో పనియేమి అని పెద్దలు కొందరు నవ్వవచ్చును. నేనును ఒకప్పుడు అట్లు నవ్వినవాడనే. గత కార్తికమాసమున ఆ నవ్వు నా నోటనే ఆగిపోయెను. అది ఎట్లాగెనో మనవిచేసి, నేను నేర్చుకొన్న నాలుగు మాటలు మీకు చెప్పవలెనని వచ్చితిని.

మాది కల్యాణదుర్గము ప్రాంతమున ఒక పల్లె. మా జిల్లాలో సాలుకు కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు; అదియు కాలము బాగున్న ఏటి మాట. సేద్యము గిట్టక మా కుమారుడు బెంగుళూరు పోయి, కొన్నియేండ్లు పనిచేసి కూడబెట్టిన సొమ్ముతో ఒక పాత కారు కొని ఊరికి తెచ్చి, బాడుగకు త్రిప్పుచుండెను. మా ఊరికి బస్సు ఉదయమొకసారి, సాయంకాలమొకసారి మాత్రమే వచ్చును. అందుచేత ఆ కారు మా ఇంటిదన్నమాటయే గాని, నిజమునకు ఊరందరిదియు అయ్యెను. మా పొరుగింటి పెద్దాయనకు మూత్రపిండములు చెడినవి. వారమునకు రెండుమారులు అనంతపురము తీసికొనిపోయి రక్తము శుద్ధి చేయింపవలయును; దీనినే డయాలసిస్ అందురు. నాకంటె పదియేండ్లు పెద్దవాడు. నేనాయనను అన్నా అని పిలుతును. ఆయనను తీసికొనిపోవునది ఈ కారే.

కారు కొన్ననాడు అమ్మినవాడు ఒక్క చెవియే ఇచ్చెను. రెండవది యేదని నేనడిగితిని. "అది ఎప్పుడో పోయినది పెద్దాయనా, ఒకటి చాలదా?" అని అతడనెను. మాకును చాలుననియే తోచెను. రెండవది చేయింతమని కుమారుడు రెండు మూడు మారులు అనకపోలేదు. ఉన్నదానికి తోడెందుకు, దండుగ అని అడ్డుపడినవాడను నేనే.

ఒకనాడు కుమారుడు చెవిని నా చేతికిచ్చి భోజనమునకు కూర్చుండెను. నేను దానిని మొలముడిలో దోపుకొని చేనికి పోయితిని. అవి వేరుసెనగ పెరుకుచున్న రోజులు. ప్రొద్దు తిరిగినపిమ్మట మొల తడవుకొందును గదా, చెవి లేదు! కూలివారందరును పని మాని సాళ్లన్నియు వెదకిరి; వామి విప్పి దులిపిరి. ఎర్రనేలలో నల్లని వస్తువు దాగునా అనుకొంటిమి, దాగెను. ఈనాటికిని అది దొరకలేదు.

మరునాడు పెద్దాయనకు డయాలసిస్ దినము. కోతల రోజులగుటచే ఒక్క ఆటోయైనను కుదరలేదు. బస్సెక్కి నిలుచుండు ఓపిక ఆయనకు లేదు. ఆనాటి వంతు తప్పెను. రాత్రికి ఆయన పాదములు పొంగినవి. పరుండిన ఊపిరాడక గోడకానుకొని కూర్చుండెను. నేను పోయి ఎదుట నిలిచితిని. "పోనీలే తమ్ముడా, వస్తువులు పోకుండునా" అని ఆయన అనెను. ఆ మాటకంటె నాలుగు తిట్టినను నాకు సుఖముగా నుండెడిది. తెల్లవారకమునుపే పొరుగూరినుండి బండి పిలిపించి, రెండింతల బాడుగ ఇచ్చి ఆయనను పంపితిమి.

ఇక చెవి సంగతి. సమీపపు బస్తీలో ఇండ్ల తాళములు బాగుచేయువానిని పిలిపించితిమి. అతడు కారు తలుపు తాళమును చూచి, ఇనుపరేకును ఆకురాయితో రాచి సాయంకాలమునకు ఒక చెవి చేసెను. తలుపు తెరచుకొనెను! ఇంజను కూడ ఒక్కమారు పలికెను. పలికినది పలికినట్లే ఆగిపోయెను. పదిమారులు త్రిప్పినను అంతే. ఎదుట పలకమీద ఒక చిన్న దీపము మిణుకుమిణుకుమని కొట్టుకొనుచుండెను. పనివాడు తల గోకికొని, ఇది నాకు తెలియని విద్య అని కూలియైనను పుచ్చుకొనక పోయెను. ఆ నిజాయితీకి అతనికి నేను ఋణపడియున్నాను.

ఆ విద్య యేమో పిమ్మట తెలిసికొంటిని. పాతకాలపు తాళము కేవలము ఇనుము పని. 1860 దశకమున అమెరికాలో లైనస్ యేల్ అనువాడు మేకుల తాళమునకు పేటెంటు పొందెను. చెవి పండ్లు లోపలి చిన్నమేకులను సరియైన ఎత్తునకు లేపినచో తాళము తిరుగును. ఇట్టి తాళములున్న పాతకార్లకు పండ్లు సరిపోయిన చాలును. దొంగకును అంతే చాలును, ఇదియే చిక్కు. 1986లో అమెరికాలోని జనరల్ మోటార్సువారు కార్వెట్ అను కారు చెవిలో చిన్న విద్యున్నిరోధకము నొకదానిని పొదిగిరి. అవి పదునైదు రకములు. కారునకు తగిన రకము కానిచో ఇంజను కదలదు. పిమ్మట చెవిలో బియ్యపుగింజంత చిప్పును పొదుగుట వచ్చెను. ఐరోపా దేశములలో 1998 నుండి క్రొత్తకార్లకు ఇట్టి కట్టుబాటు తప్పనిసరి చేయబడెను. మన దేశపు కార్లలోను అది క్రమముగా వ్యాపించెను.

ఈ చిప్పునకు బ్యాటరీ లేదు. తాళము చుట్టును ఒక తీగచుట్ట యుండును. చెవి త్రిప్పగనే ఆ చుట్ట సెకనుకు సుమారు 125 వేల మారులు కంపించు తరంగములను వెలువరించును. మీరు వినుచున్న ఈ ప్రసంగము మిమ్ము చేర్చునది ఏ జాతి తరంగములో ఇవియు ఆ జాతివే. వానినుండియే చిప్పు శక్తిని గ్రహించి, తనలోని రహస్యసంఖ్యను బట్టి ప్రత్యుత్తరమిచ్చును. కోటగవని కాపరి సంకేతపదము అడిగినట్లు కారు అడుగును, చెవి చెప్పును. మంచి ఏర్పాటులలో ప్రశ్న ప్రతిమారును మారును గనుక, నిన్నటి జవాబు పొంచి విన్నవానికి నేడది పనికిరాదు. జవాబు సరిపడనిచో ఇంజనునకు ఇంధనమో నిప్పురవ్వయో అందదు. మన పూర్వులు ఏమి తలచి దీనికి చెవి యని పేరిడిరో గాని, ఈ కాలపు చెవి నిజముగనే వినును.

కాబట్టి క్రొత్త చెవికి రెండు పనులు కావలెను: పండ్లు కోయుట ఒకటి, చిప్పును కారునకు పరిచయము చేయుట రెండవది. ఈ రెండవదానినే ప్రోగ్రామింగు అందురు. కుమారుడు ఒక కార్ల దుకాణమునకు పోయి అడిగెను. తాళములన్నియు జతగా మార్చవలెననియు, పదునెనిమిది వేలగుననియు, సామాను వచ్చుటకు పండ్రెండు దినములు పట్టుననియు వారు చెప్పిరి. అంతదనుక పెద్దాయన గతియేమి? ప్రతిమారు రెండింతల బాడుగకు మా తాహతు చాలునా?

అనంతపురములో టవర్ క్లాకు సమీపమున కార్ల చెవులు చేయు పనివాడొకడు కలడని ఒక బాడుగ డ్రైవరు చెప్పెను. ఫోను చేయగా ఆ పిల్లవాడు మొదట అడిగినది ధర కాదు, బండి పత్రములు. బండి మాదేనని ఆర్.సి., ఆధారు చూపనిదే చేయి పెట్టననెను. నాకు కొంచెము కోపము వచ్చినమాట నిజము. ఆలోచింపగా, అడుగకుండ చేయువాడు దొంగకును చేయును గదా అని తోచి శాంతించితిని. మరునాడు అతడు మోటారుసైకిలుమీద మా ఊరికే వచ్చెను. తలుపు తాళములోనికి సన్నని పనిముట్టు జొనిపి పండ్ల ఎత్తులు చదివెను. బ్యాటరీతో తిరుగు చిన్నయంత్రమున చెవి కోసెను. స్టీరింగు క్రిందనున్న రంధ్రమున తన పెట్టెను తగిలించి, కారు జ్ఞాపకములోని పాతచెవిని తుడిచివైచి, క్రొత్త చెవులు రెంటిని చేర్చెను. పాతచెవి ఎవనికైన దొరికినను, అది తలుపు తెరచునేగాని ఇంజనును నడపజాలదని చెప్పెను. పని గంటన్నరలో ముగిసెను. రెండు చెవులకు, రాకపోకలకు కలిపి అయిదువేలు పుచ్చుకొనెను. ఒక చెవి చేతనుండగనే వచ్చియుండిన రెండువేలలో తేలిపోయెడిదని కూడ చెప్పెను. మిగిలిన మూడువేలు నా పిసినిగొట్టుతనమునకు పడిన జుల్మానా అని లెక్క వ్రాసికొంటిని. పెద్దాయన గడపిన ఆ రాత్రిని ఏ పద్దున వ్రాయుదును?

ఇందుండి నేను గ్రహించిన సంగతులివి. ఒకటి: పాతకారు కొనునపుడు రెండు చెవులను అడుగుడు. రెండవది లేనిచో ధర తగ్గించి, ఆ వారమందే చేయింపుడు. దొంగతనపు పరిహారము అడిగినప్పుడు బీమా కంపెనీలు చెవులన్నిటిని అప్పగింపుమనుట వాడుక. అందుచేతను రెండవది అవసరము. రెండు: పోయిన వెంటనే పోలీసు ఠాణాలో తెలిపి రసీదు తీసికొనుడు. కొన్ని బీమాలలో అదనపు రుసుముపై చెవి ఖర్చును ఇత్తురు. పత్రము చదివి చూచుకొనుడు. మూడు: ధర అడుగునపుడు కోతకెంత, చిప్పునకెంత, ప్రోగ్రామింగునకెంత, పోయినదానిని తుడుచుటకెంత అని విడివిడిగా అడుగుడు. ఇంజను నాలుగైదుమారులు నడిచినపిమ్మటనే పైకమిండు. నాలుగు: మీట నొక్కి నడపు క్రొత్తకార్ల చెవి పనిచేయనిచో తొందరపడి వేలు ధారపోయకుడు. పెక్కుమారులు లోపలి బిళ్ల బ్యాటరీ తీరియుండును. అది వందలోపున దొరకును. అట్టి చెవులు పెక్కింటిలో ఇనుపచెవి కూడ దాగియుండును; దానితో తలుపు తెరచి, చెవిని మీటకు ఆనించినచో చాలకార్లు నడచును. అయిదు: చెవులకు ఊరు పేరు వ్రాసిన బిళ్ల కట్టకుడు, దొరికినవానికి దారి చూపినట్లగును.

ఈ రక్షణయు అభేద్యము కాదు. 2005లో అమెరికా పరిశోధకులు అప్పటి ఒక ప్రసిద్ధమైన చిప్పు రహస్యమును ఛేదించి చూపిరి. అటుపిమ్మట చిప్పులు బలపడినవి. ఎత్తునకు పైయెత్తు సాగుచునే యుండును. అందుచేత ఇది నిలిచియుండు పని, ఎప్పటికప్పుడు నేర్వవలసిన పని.

పెద్దలకు చివరిమాట యొకటి. మన పెనుకొండచెంత ఎర్రమంచి నేలమీద, 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన ఆ చోటనే, కియా కార్ల కర్మాగారము వెలసెను. 2017లో ఒప్పందము కుదిరి, 2019లో మొదటి సెల్టాస్ కార్లు అచ్చటనుండి బయలువెడలెను. ఏటికి మూడులక్షల కార్లు చేయగల శక్తితో దానిని కట్టిరి. వేరుసెనగ తప్ప వేరొకటి ఎరుగని నేల కార్లను కనుచున్నది. మన పిల్లలు కూలికై బెంగుళూరు దారి పట్టుచున్నారు. మా ఊరికి వచ్చిన ఆ పనివానికి కావలసినవి ఒక కోతయంత్రము, ఒక పెట్టె, మోటారుసైకిలు, పత్రములు చూడనిదే పని ముట్టని నియమము. వాననమ్మని వృత్తి యిది. మీ ఊరి పిల్లలలో చేతిపని, నీతి రెండును కలవాడెవడైన నున్నచో, ఈ విద్యవంక వానిని మరల్పుడు.

మా ఇంట ఇప్పుడు రెండు చెవులు. ఒకటి కుమారుని వద్ద నుండును. రెండవది పొరుగింటి అన్నగారి గూటిలో మేకుకు వ్రేలాడుచుండును. దానిని అచ్చట వ్రేలాడదీసినవాడను నేనే. వారమునకు రెండుదినములు తెల్లవారుజామున ఆయనయే దానిని చేతబట్టుకొని మా వాకిట నిలిచి, "తమ్ముడా, లేచితిరా?" అని పిలుచును. సెలవు.