వాన గోధుమ, నీటి గోధుమ: లాభనష్టాల లెక్క

కన్నడ నాట మనం స్థిరపడి తరాలు గడిచాయి. ఇంట్లో గోధుమ అన్నా, సంతలో గోధి అన్నా పంట ఒక్కటే. కాని అది వానమీద పండితే ఒక లెక్క, నీటికింద పండితే మరొక లెక్క. ఈరోజు ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

ధారవాడ, బెళగావి, విజయపుర జిల్లాల నల్లరేగడిలో అక్టోబరులో గోధుమ విత్తుతారు. తర్వాత వాన పడకపోయినా నేలలో నిలిచిన తేమతోనే పంట గట్టెక్కుతుంది. నీటి వసతి ఉన్నచోట నవంబరులో విత్తి, అయిదారు తడులు ఇస్తారు.

2025-26 మార్కెటింగ్ సీజనుకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2425 రూపాయలు. సర్కారు కొనుగోళ్లు ఎక్కువగా పంజాబు, హర్యానా, మధ్యప్రదేశ్‌లలోనే జరుగుతాయి. మనకు దిక్కు సంత ధరే. అయినా లెక్కకోసం ఈ ధరే వేసుకుందాం. మిగతా అంకెలు ఉదాహరణకు మాత్రమే. మీవి మీరు వేసుకోండి.

వానచేను ఎకరాకు ఖర్చు 6000, దిగుబడి 4 క్వింటాళ్లు అనుకుందాం. వచ్చేది 9700, మిగిలేది 3700. నీటిచేనుకు ఖర్చు 20000, దిగుబడి 14 క్వింటాళ్లు. వచ్చేది 33950, మిగిలేది 13950. నీటిదే పైచేయి అనిపిస్తుంది.

కాని చెడ్డ ఏడు సంగతేమిటి? వానచేను 2 క్వింటాళ్లకు పడిపోతే నష్టం 1150. మూడు తడులకే బోరు ఎండి 6 క్వింటాళ్లే వస్తే, అప్పటికే 18000 పెట్టినవాడికి నష్టం 3450. బోరు అప్పు, దాని వడ్డీ ఇందులో కలపలేదు.

ఇక ముఖ్యమైన మాట. మనకు కరువు భూమికి కాదు, నీటికి. అందుచేత ఎకరాకు ఎంత మిగిలిందని కాక, ఉన్న నీటికి ఎంత మిగిలిందని అడగాలి. ఒక ఎకరాకు అయిదు తడులిచ్చే నీటిని రెండున్నర ఎకరాలకు రెండేసి తడులుగా పంచవచ్చు. మొదటిది విత్తిన 21వ రోజు ప్రాంతంలో, కిరీటపు వేళ్లు పుట్టేటప్పుడు. రెండవది పూత దశలో. ఎకరాకు 8 క్వింటాళ్లు, ఖర్చు 11000 అనుకుంటే, మొత్తం 20 క్వింటాళ్లకు 48500 వస్తుంది. ఖర్చు 27500 పోను 21000 మిగులుతుంది. అదే నీరు, ఎక్కువ మిగులు.

బోరుకు అప్పు చేయబోయే ముందు, బడికి వెళ్లే పిల్లల చేత ఈ లెక్క ఒకసారి కాగితంమీద వేయించండి. మంచి ఏటి అంకెతో పాటు చెడ్డ ఏటి అంకె కూడా వేయించండి.