సీతాకోకచిలుకల నెలవులు

గుడివాడనుండి కైకలూరు పోవు మార్గమున ముదినేపల్లి యున్నది. చిరకాలము కృష్ణాజిల్లాలో నుండిన ఈ ప్రాంతము 2022లో ఏలూరు జిల్లాలో చేరినది. జిల్లా పేరు మారుటకు ముందే నేల రూపు మారినది. ఒకప్పుడు కనుచూపు మేర వరిచేలుండిన చోట నేడు చేపల చెరువులు పరచుకొన్నవి. దీనితోపాటు ఎండలును, వానలును మారుచున్నవి. ఈ రెండు మార్పుల నడుమ సీతాకోకచిలుక వంటి అల్పప్రాణి ఎచట నిలువగలదో శ్రోతలతో కలిసి విచారింపదలచితిమి.

సీతాకోకచిలుక దేహము మన దేహమువలె సదా ఒకే వేడిమిలో నుండదు. ఎండ కాచిన వెచ్చబడును. చలిగాలి వీచిన చల్లబడును. ఉదయమున రెక్కలు విప్పి ఎండ కాచుకొని, ఒడలు వెచ్చబడిన పిదపనే అది చక్కగా ఎగురగలదు. కావున అది ఏ సీమలో బ్రతుకగలదను విషయము మొదట అచటి వేడిమిని బట్టి యుండును.

రెండవది ఆహారము. రెక్కలు వచ్చిన పిదప అది పలువిధముల పూల తేనె త్రాగును గాని, గొంగళిపురుగుగా నున్నపుడు మాత్రము తన జాతికి తగిన కొద్ది మొక్కలనే తినును. నిమ్మ, కరివేప ఆకులపై పెరుగు నల్లరెక్కల జాతులు కలవు. జిల్లేడాకు తిని పెరుగునది నారింజరంగు రెక్కలది. ఆముదపుటాకుపై ఒక జాతి, మినుము పెసర పూలపైనను కాయలపైనను ఒక చిన్న నీలిజాతి, వరియాకుపై పెరిగి సంధ్యవేళ ఎగురు గోధుమరంగు జాతి, ఇవన్నియు మనకు పరిచితములే. మొక్క పోయినచో దానితోపాటు ఆ జాతియు పోవును.

1850–1900 నాటి సగటుతో పోల్చినచో 2011–2020 దశాబ్దమున భూగోళపు వేడిమి సుమారు 1.1 డిగ్రీలు పెరిగినదని శాస్త్రజ్ఞులు 2021లో ప్రకటించిరి. మన దేశమున 1901 నుండి 2018 వరకు పెరిగినది సుమారు 0.7 డిగ్రీ. ఇది స్వల్పమని తోచవచ్చును. కాని సీతాకోకచిలుకల లెక్క వేరు. కామిల్ పార్మెసాన్ అను శాస్త్రజ్ఞురాలును, ఆమె సహచరులును ఐరోపాలోని 35 జాతులను పరిశీలించి, వానిలో నూటికి 63 వంతులు ఇరువదవ శతాబ్దమున 35 మొదలు 240 కిలోమీటర్ల వరకు ఉత్తరమునకు జరిగినవని 1999లో వెల్లడించిరి. దక్షిణమునకు జరిగినవి నూటికి 3 వంతులు మాత్రమే. స్పెయిను దేశపు కొండలలో 16 జాతుల దిగువ హద్దు ముప్పదియేండ్లలో సగటున 212 మీటర్లు పైకి పోయినదని 2005లో తేలినది. చలిదేశపు సీతాకోకచిలుకకు రెండు దారులు కలవు: ఉత్తరమునకు పోవుట, కొండ నెక్కుట.

మన డెల్టా ప్రాణికి ఈ రెండు దారులును అందుబాటులో లేవు. మన నేల సముద్రమునకు కొద్ది మీటర్ల ఎత్తున నున్న పల్లము. దక్షిణమున సముద్రము. ఉత్తరమునకు పోదమన్నను తెలంగాణ, విదర్భ మైదానములు వేసవిలో మనకంటె ఎక్కువగా మండును. పైగా ఉష్ణదేశపు కీటకములు తాము ఓర్వగల వేడిమికి చేరువలోనే బ్రతుకుచున్నవనియు, కొద్దిపాటి పెరుగుదలయు వానికి ముప్పేననియు 2008లో ఒక పరిశోధన తెలిపినది. రోహిణి ఎండలకు రోళ్లు పగులునని మనవారి సామెత. ఆ ఎండలో ఆకుమీది గ్రుడ్డు మాటయేమి?

కావున ఇచటి సీతాకోకచిలుకకు కావలసిన ఆశ్రయము వందల కిలోమీటర్ల ఆవల లేదు; పొలముగట్టునుండి కాలువగట్టు చెట్టునీడ వరకే. ఆ నీడయు, ఆ మొక్కయు ఉన్నచో అది నిలుచును. బ్రిటనులో ఎండలు పెరిగిన మేలు పొందవలసిన 46 జాతులను పరిశీలింపగా, వానిలో నాలుగింట మూడువంతులు క్షీణించినవని 2001లో బయటపడినది. వెచ్చదనము వచ్చినది గాని, నిలువ నెలవులు లేకపోయినవి.

మన కథయు ఇట్టిదే. వరి కోసిన చేలలో మినుము పూచుట మానిన చోట నీలి సీతాకోకచిలుకకు తావు లేదు. గట్లపై కలుపుమందు చల్లినచో జిల్లేడును, ఆముదమును మిగులవు. చెరువు త్రవ్వుకొన్న రైతును నిందించుట మా యుద్దేశము కాదు. అది అతని జీవనాధారము. కాని చెరువుగట్టు కూడ బోడిగా నుండవలెనను నియమము లేదుగదా! ఇక సముద్రము సంగతి. ఉత్తర హిందూ మహాసముద్రమట్టము 1993–2017 నడుమ ఏటేట సుమారు 3.3 మిల్లీమీటర్లు పెరిగినది. ఉప్పు సోకిన నేలలో నిమ్మచెట్టు బ్రతుకుట కష్టము. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూచిన దివిసీమవారికి ఉప్పునీటి సంగతి వేరుగ చెప్పనక్కరలేదు.

సీతాకోకచిలుక పోయిన మనకేమి నష్టమని కొందరడుగవచ్చును. దాని గొంగళిపురుగులు పిట్టపిల్లలకు ఆహారము. అది వ్రాలిన పూలలో కొన్ని కాయలగును. అంతకుమించి, అది తొందరగా మారు ప్రాణి గనుక, నేలకు కలిగిన జబ్బును ముందుగా తెలుపును.

గృహస్థులు చేయదగిన పనులు స్వల్పములే. పెరటి కరివేపపై నాలుగు పురుగులు కనబడినంతనే మందు చల్లకుడు. దొడ్డిమూల నొక జిల్లేటిని, గట్టుపై నాలుగు ఆముదపు మొక్కలను ఉండనిండు. ఏ జాతి ఏ నెలలో తొలుత కనబడినదో పిల్లలచేత ఒక పుస్తకమున వ్రాయింపుడు. బ్రిటనువారు 1976 నుండి ఏటేట ఇట్లు లెక్కించుచుండుటచేతనే తమ సీతాకోకచిలుకల రాకపోకలను ఎరుగగలుగుచున్నారు. మన దేశమునను 2020 నుండి సెప్టెంబరు మాసమున ఔత్సాహికులు ఇట్టి లెక్క సాగించుచున్నారు. ముదినేపల్లి బడిపిల్లలు నేడు వ్రాయు తేదీలే ముప్పదియేండ్ల పిదప ఈ డెల్టా ఎట్లు మారినదో చెప్పగల సాక్ష్యములగును.