కమలిని లేఖ

పట్టభద్రులగుచున్న విద్యార్థినీ విద్యార్థులారా!

1910లో ‘ఆంధ్రభారతి’ పత్రికయందు వెలువడిన గురజాడ అప్పారావుగారి ‘దిద్దుబాటు’ను మీలో పెక్కండ్రు పరీక్షకై చదివియుందురు. పరీక్షల బెడద తీరిన ఈ దినమున దానిని మరల చదువుడని కోరుచున్నాను.

లోకహితకరములైన సభలకు పోవుచున్నానని ఇల్లాలిని నమ్మించి, సాని పాట వినుచు రాత్రులు గడపి, నడురేయి దాటిన పిదప ఇల్లు చేరిన గోపాలరావునకు భార్య కమలిని కనబడక ఆమె వ్రాసిన లేఖ మాత్రమే కనబడును. అందు నిందావాక్యము లేదు. తానింట నుండుటచేతనే గదా భర్త కల్లలాడవలసివచ్చినదనియు, తాను పుట్టింటనున్నచో ఆయన స్వేచ్ఛకు అడ్డుండదనియు మాత్రమే ఆమె వ్రాసినది. పురుషుడు చేసిన తప్పునకు తన ఉనికినే కారణముగా చెప్పికొనుటకంటె వాడియైన అధిక్షేపము మరియొకటి గలదా? ఆ వాడి ఆమెకు చదువు వలన అబ్బినది.

అయినను, ఆమె ఎక్కడికి పోయినది? ఎక్కడికిని పోలేదు, ఆ గదిలోనే మంచము క్రింద దాగియున్నది. కథాంతమున వినవచ్చు ఆమె నవ్వును అందరును మెచ్చిరి, నేనును మెచ్చుదును; కాని గోపాలరావు భయపడి పశ్చాత్తప్తుడు కాకున్నచో మరునాడు ఆమె గతి యేమని నా మనస్సు అడుగుచునే యుండును. హిందూ స్త్రీకి విడాకుల హక్కు దేశమంతట చట్టమగుటకు 1955 వరకు వేచియుండవలసివచ్చెను. స్వార్జితము లేని ఆ యిల్లాలికి ఇల్లు విడిచిపోవుట ఒక అభినయముగా మాత్రమే సాధ్యమయ్యెను. ‘దిద్దుబాటు’నకు ఎనిమిదేండ్లు ముందే భండారు అచ్చమాంబగారి ‘ధనత్రయోదశి’లో దొంగసొమ్మునకు ఆశపడిన మగని దారి మరల్చినదియు ఇల్లాలే! మగవానిని దిద్దు భారమును గృహిణి తలపై మోపుట ఆనాటి సంఘమునకు ఎంత సహజమైయుండెనో చూడుడు.

‘దిద్దుబాటు’లో మరియొక స్త్రీ గలదు, ఆ పాట పాడిన సాని. ‘కన్యాశుల్కము’ నాటకమున వేశ్యయైన మధురవాణికి అంతటి వాక్చాతుర్యము నొసగిన మహాకవియే ఇచట ఈమెచేత ఒక్కమాటయైన పలికింపలేదు. ఆమె యిల్లేది, ఆమెను ఆ వృత్తిలో నిలిపినవారెవరు, ఆ రాత్రి రసికులు లేచిపోయిన పిదప ఆమె యేమి తలచినది? మీలో కథారచనాభిలాష గలవారు ఆ కథను ఆమె నోట చెప్పించి వ్రాయుడు. చదువుటకు నేను వేచియుందును.