పోలియో క్రిమి ప్రతి వ్రాసుకొను విధము



‘జబ్బు లేనే లేదు గదా, ఇంకను చుక్కలెందుకు?’ అని అడుగువారిని మేము పెక్కు గ్రామములలో చూచితిమి. నిజమే, మన దేశమున సహజ పోలియో చివరి కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాలులో కనబడినది. అయినను జవాబు ఆ క్రిమి పెరుగు తీరులోనే యున్నది.

పోలియో వైరసులో సుమారు 7,500 అక్షరముల ఆర్‌.ఎన్‌.ఏ. పోగొకటి గలదు. పేగులలోని కణము దానిని తన స్వంత ఆజ్ఞగా భ్రమించి చదివి, మాంసకృత్తులను తయారుచేసి యిచ్చును. వానిలో నొకటి పాలిమరేజి, అనగా ప్రతులు వ్రాయు లేఖరి. ఈ లేఖరికొక చిక్కు గలదు. పాత పడుగు కొసలకు క్రొత్త పడుగును అతుకు నేతగానివలె, దీనికిని పట్టుకొనుటకొక కొస కావలెను. అందుకై 22 అమైనో ఆమ్లములు గల వీ.పీ.జీ. అను చిన్న మాంసకృత్తునకు రెండు ‘యు’ అక్షరములను తగిలించును. పోగు చివర వరుసగానున్న ‘ఏ’ అక్షరములతో అవి జతపడును. అచ్చటినుండి వ్రాత సాగును. ఇన్‌ఫ్లుయెంజా వైరసునకీ శ్రమయు లేదు. మన కణముల ఆర్‌.ఎన్‌.ఏ. మొదళ్లనే కత్తిరించి దొంగిలించును!

వ్రాసినది సరిచూచు అలవాటు పోలియో లేఖరికి లేదు. ఇంచుమించు 10,000 అక్షరములకొక తప్పు దొర్లును. చుక్కలలోని బలహీనపరచిన వైరసునకును ఈ లేఖరియే గతి. చుక్కలందని పిల్లలు హెచ్చుగానున్న చోట అది నెలల తరబడి ఒకరినుండి ఒకరికి ప్రాకి, తప్పులు పేరుకొని, మరల కాలుసేతులను చచ్చుపరచు శక్తిని పొందవచ్చును. కావున మీరు లెక్కింపవలసినది మిగిలిపోయిన పిల్లలను. ఇటుక బట్టీలకు వలసవచ్చిన కుటుంబములవారి పిల్లలు మీ జాబితాలో నున్నారా?